మోసినోళ్ళ గడియారం

డిగ్రీ రెండో ఏడాదిలో సెమినార్‌కి మా ఫిజిక్స్ లెక్చరర్ నాకు థర్మామీటరు అంశంగా ఇచ్చారు. నేను సాపేక్ష సిద్ధాంతంలోని ప్రాపర్ టైమ్, ప్రాపర్ లెంగ్త్ అడిగాను. "అవెందుకమ్మా, కొండ మీద నుంచి వచ్చావు, తేలికది చేసుకో" అన్నారు. ఒళ్ళు మండింది. అదే చెబుతానని భీష్మించుకున్నాను. సరే, బాగా చెబితే విశాఖపట్నం పోటీకి నిన్నే పంపుతానన్నారు. ఆ పోటీ నాకు కావాలి, చాలా కావాలి.

అరకులోయ నుంచి మా ఊరికి రోడ్డు సగం దాకానే. జబ్బుపడ్డవాళ్ళని కర్రకి దుప్పటితో డోలీ కట్టి, భుజాల మీద దించుతాం. ఎన్నిసార్లు భుజం మార్చుకుంటే అన్ని భుజాల దూరం. డోలీ తిరిగొచ్చాక, ఎంతసేపు పట్టిందో ఇంటి దగ్గరున్నవాళ్ళు చెప్పకూడదు. ఎవరైనా నోరు జారితే మా అమ్మమ్మ కసిరేది. "నువ్వేటి మోసావా? మోసినోడ్ని అడుగు." కొండ ఎంతుందో మాత్రం కొండ మీదుండేవాళ్ళే చెప్పాలి, అద్దాల రైల్లో అరకు చూసి పోయే టూరిస్టులు కాదు.

బోర్డు మీద డోలీయే గీశాను. బయల్దేరినప్పుడూ చేరినప్పుడూ అక్కడే ఉన్న గడియారం, అంటే డోలీతో పాటు వెళ్ళిన గడియారం, చూపేది ప్రాపర్ టైమ్. వస్తువు ఎవరి దృష్టిలో కదలకుండా ఉందో వాళ్ళు కొలిచింది ప్రాపర్ లెంగ్త్.

"ఓలమ్మో, డోలీకి వాచీ కట్టేసిందిరోయ్!" అన్నాడు వెనక బెంచీవాడు. క్లాసంతా నవ్వింది.

"డోలీ వేగానికి రెండు గడియారాల మధ్య తేడా ఎక్కడ తెలుస్తుంది?" అన్నారు లెక్చరర్.

"తెలీదు సార్. ఎవర్ని అడగాలో చెబుతున్నాను. తేడా తెలిసేదీ చూపిస్తాను."

మ్యూవాన్ గీశాను. ఆకాశంలో ఎక్కడో పుట్టి, దాదాపు కాంతి వేగంతో కిందికి దూసుకొచ్చే రేణువు. దాని ఆయుష్షు రెప్పపాటులో వెయ్యోవంతు కూడా ఉండదు. లెక్క ప్రకారం చాలా వరకు దారిలోనే చచ్చిపోవాలి. అయినా బోలెడన్ని మా కొండని దాటి లోయలోకి దిగుతున్నాయి. మన గడియారాల్లో దాని బతుకు సాగి పొడవవుతుంది. దాని గడియారంలో బతుకు అంతే, దానికి మా కొండే పొట్టిదవుతుంది.

"అంటే దాని గడియారం తప్పుగా తిరుగుతోందన్నమాట" అన్నారాయన.

"ఏ గడియారమూ తప్పు కాదు సార్. దాని బతుకెంతో దాన్నడగాలి. మా కొండెంతో మమ్మల్నడగాలి."

ఆయన బోర్డు మీది డోలీని చూశారు. తర్వాత మెల్లగా అన్నారు. "బానే చెప్పావు. కానీ డోలీ అంటే విశాఖలో నవ్వుతారు. పుస్తకంలో రాకెట్ ఉంది, అది పెట్టుకో. పంపుతాను."

మా అమ్మని జబ్బుపడ్డప్పుడు అలాంటి డోలీలోనే దించారు. నేనూ ఓ భుజం పట్టాను.

"అయితే పంపొద్దు సార్" అన్నాను.  సుద్దముక్క కింద పెట్టలేదు. పొడవు సమీకరణం ఇంకా మిగిలి ఉంటే అదీ రాసేసే దిగాను.

విశాఖకి వేరే అబ్బాయి వెళ్ళాడు, రాకెట్ చెప్పాడు. నేను హాస్టల్లో దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. పోటీ పోయినందుకు ఏడ్చాను గానీ, పంపొద్దు అన్నందుకు కాదు.