‘మావాడు’ అనడం మానేసిన మాష్టారు

మా పక్కింటి మాష్టారు పోయారు. స్నో పడి న్యూజెర్సీలో మా పిస్కాటవే రోడ్లన్నీ జారుతున్న పొద్దున ఆయన భార్య, మా పిన్నిగారు ఫోన్ చేసి, “అమ్మాయ్, మీ మాష్టారు ఇంక లేవరు” అన్నారు. ఆవిడ గొంతులో ఏడుపు లేదు.

మీలో ఆయన పేరు విన్నవాళ్ళు ఉండరు. ఇక్కడి కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళుగా ఒకే మనిషి గురించి పుస్తకం రాస్తూ వచ్చారు. ఆ మనిషి సుమారు వందేళ్ళ కిందట కెనడాలో ఒక రాష్ట్రానికి మంత్రి. కలప మిల్లులో కూలీగా మొదలై, శాసనసభకు గెలిచి, రోడ్లు వేయించి, ఆసుపత్రులు కట్టించి, చివరికి చిత్తుగా ఓడి, సొంత ఊరికే గుర్తు లేకుండా పోయాడు. మాష్టారికి మాత్రం అతను ‘మావాడు’.

“మావాడికి ఈసారి డిపాజిట్ కూడా దక్కలేదమ్మా” అని భోజనాల దగ్గర వాపోతే, కొత్తగా వచ్చినవాళ్ళు ఇండియాలో మేనల్లుడెవరో ఎన్నికల్లో నిలబడ్డాడనుకుని ఓదార్చేవారు. మా పాప అయితే కనిపించినప్పుడల్లా “అంకుల్, మీ మావాడు మళ్ళీ లూజ్ అయ్యాడా?” అని అడిగేది.

ఆ ప్రేమకు కారణం ఉంది. చదువుకోవడానికి కెనడా వెళ్ళిన మొదటి చలికాలంలోనే మాష్టారికి న్యుమోనియా వచ్చింది. ఆ మంత్రి కట్టించిన ఆసుపత్రిలోనే బతికి బయటపడ్డారు. “ప్రాణం నిలబెట్టినవాడు నాకు చుట్టం కాడూ?” అనేవారు.

పుస్తకం పూర్తయి అచ్చుకు వెళ్ళబోతుండగా క్యాన్సర్ బయటపడింది. ఆఖరిసారి సరిచూసుకుంటూ ఆయన ఒక ఏడాది దగ్గర ఆగారు. ఆసియా నుంచి వచ్చిన కూలీలకు, అంటే మనలాంటివాళ్ళకు, ఓటు లేకుండా చేసిన ఏడాది అది. ఆ చట్టం చేసిన సభ సమావేశాలప్పుడు తాతయ్య జబ్బుతో మంచం మీద ఉన్నాడని మంత్రి మనవరాలు ఎప్పుడో చెబితే, మాష్టారు నమ్మి అలాగే రాసేశారు. స్టూడెంట్ ఎవడైనా ఆ పని చేసి ఉంటే పేపర్ మొహాన కొట్టేవారు. ఇప్పుడు సభ రికార్డులు తెప్పించి చూస్తే ఆ మనిషి మంచం మీద లేడు. సభలో నిలబడి, బిల్లును సమర్థిస్తూ మాట్లాడి, చెయ్యెత్తాడు.

ఆ వారం కీమోకి నేనే డ్రైవ్ చేశాను. పార్కింగ్‌లో కారు ఆపాక, “చూడకుండా నమ్మడం చుట్టరికంలో చెల్లుతుందమ్మా, చరిత్రలో చెల్లదు” అన్నారు. ఆ తర్వాత ఆయన నోట ‘మావాడు’ అన్న మాట రాలేదు. ‘ఆ మనిషి’ అనేవారు. నాకు ఆ మనిషి మీద ఒళ్ళు మండిపోయింది. మాష్టారికి కోపం కూడా రాలేదు, ఇంట్లో చావు కబురు విన్నట్టు కుంగిపోయారు.

అచ్చు ఆపించి, మొత్తం తిరగరాయడానికి కూర్చున్నారు. పిన్నిగారు తట్టుకోలేకపోయారు.

“వదిలెయ్యండీ. ఆ ఒక్క సంగతీ రాయకపోతే ఎవరికి తెలుస్తుంది? ఉన్నది ఉన్నట్టు వేయించేస్తే, మీరు కళ్ళారా...” అని ఆగిపోయారు.

“నాకు తెలిసిపోయిందిగా” అన్నారు మాష్టారు.

కీమో వల్ల వేళ్ళు తిమ్మిరెక్కి కీబోర్డ్ మీద నిలిచేవి కావు. మొదట్లో రోజుకో పేజీ సాగేది, తర్వాత ఒక పేరా, ఆ తర్వాత అదీ లేదు. ఆసుపత్రుల మంచి తగ్గించి రాయమని నేనంటే ఒప్పుకోలేదు. “రెండూ ఆ మనిషే చేశాడు. రెండూ రాయాలి” అన్నారు. సగం కూడా కాకుండానే వెళ్ళిపోయారు.

దినాలయ్యాక ప్రచురణ సంస్థ ఎడిటర్ ఫోన్ చేశాడు. స్పీకర్‌లో నేనూ విన్నాను. మొదట రాసినది పూర్తిగా తమ దగ్గరే ఉందట, మాష్టారి ఫొటోతో నివాళిగా వేస్తారట. నాకు ప్రాణం లేచొచ్చింది. సరేననమని పిన్నిగారికి సైగ చేశాను. ఆ పుస్తకం కోసం ఆయనకన్నా ఎక్కువ ఎదురుచూసింది ఆవిడే.

“నో” అన్నారు పిన్నిగారు. “దట్ ఈజ్ నాట్ హిజ్ బుక్.”

సగంలో ఆగిన పుస్తకం తాము వేయలేమన్నాడతను, మర్యాదగానే. “ఐ నో” అని ఫోన్ పెట్టేశారు. అప్పుడు ఏడ్చారు. ఆయన పోయిన రోజున కూడా అంత ఏడవలేదు.

వాళ్ళ హాల్లో షోకేస్ ఉంది. అందులో దేవుడి పటానికీ పెళ్ళి ఫొటోకీ మధ్య, పుస్తకం వస్తే పెట్టాలని ఆవిడ ఎన్నో ఏళ్ళ కిందట కాస్త చోటు ఖాళీ చేశారు. వెళ్ళినప్పుడల్లా నా చూపు అక్కడికే పోతుంది. దుమ్ము లేకుండా శుభ్రంగా తుడిచి ఉంటుంది. ఇంతవరకూ అక్కడ ఏమీ పెట్టలేదు.