ఆరుమణి పిట్ట రాని ఏడు

పోయిన మంగళవారం పొద్దున మా మామ కన్నుమూశారు. మా అమ్మకు అన్న. కోయంబత్తూరులో ఒక నూలు మిల్లులో దూదిని ఏకే కార్డింగ్ సెక్షన్‌లో, దూది ధూళి మధ్య, వయసంతా గడిపిన మనిషి. ఆయనతో పనిచేసినవాళ్లు చాలామంది వచ్చారు. ఆయన నిదానం గురించి, నిజాయితీ గురించి మాట్లాడారు. పిట్టల ఊసు ఎవరూ ఎత్తలేదు. వాళ్లకు తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

మిల్లు వెనక చెరువుకు పడమటి కొసన, నీళ్లలోనే పెరిగిన తుమ్మతోపు ఉంది. ఏడాదిలో సగం రోజులు మోకాటిలోతు బురద. మొగలిపొదలు, జమ్ము, నీళ్ల మీదికి వంగిన కానుగలు. పాములుంటాయని ఎవరూ అటు పోరు. మామ మాత్రం రాత్రి షిఫ్టు దిగి, తలలో దూదినూగుతోనే నేరుగా అక్కడికి పోయేవారు. ఇంట్లో ఇడ్లీలు చల్లారిపోతుంటే అత్త నాతో అనేది: "మీ మామ కొంగలకు హాజరు పట్టీ చదివి వస్తారు. అంతవరకు మనం సుమ్మా ఊరికే కూర్చుందాము."

ఆయన చదివింది ఐదో తరగతి, అదీ తమిళంలో. పిట్టల సంగతులు రాసే నోటుపుస్తకంలో మన తెలుగు మాటల్నే తమిళ అక్షరాల్లో రాసుకునేవారు. నేను కాలేజీలో బాటనీ చదివే రోజుల్లో ఒక నీటిమొక్కను చూపించి దాని లాటిన్ పేరు గొప్పగా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. "పేరు సరి అమ్మిణీ, ఇది ఏ నెల పూస్తాది?" అన్నారు. నాకు తెలియలేదు. ఆయనకు తెలుసు. ఆ పూత మీద ఏ తుమ్మెద వాలుతుందో కూడా తెలుసు.

నేను ఒకచోట పది నిమిషాలు కుదురుగా ఉండలేను. గట్టు మీద ఆయన పక్కన కూర్చుని గడ్డి పీకేదాన్ని, దోమల్ని చప్పుడయ్యేలా కొట్టేదాన్ని. "నువ్వు కదలకుంటే అవి కదులుతాయి," అనేవారు, అటు నుంచి చూపు తిప్పకుండానే.

అన్నిటికన్నా ఆయనకు ముఖ్యమైనది ఆరుమణి పిట్ట. చలి మొదలయ్యే ముందు ఉత్తరాన్నించి వస్తుంది. ఆకుపచ్చ వీపు, తోక కింద కుంకుమ ఎరుపు. పొద్దున, సాయంత్రం ఆరు గంటల వేళ ఈల వేస్తుంది కనుక తమిళంలో దానికి ఆ పేరు; మణి అంటే గంట. అది కనబడిన మొదటి రోజును మామ ఏటా రాసిపెట్టేవారు. నేను పుట్టకముందు నుంచి ఒక్క ఏడూ తప్పలేదు.

ఈ ఏడు ఆయన వాకిలి దాకా కూడా నడవలేకపోయారు. దూది ధూళి ఊపిరితిత్తుల్ని తినేసింది. "నువ్వు పోయి చూసి రా అమ్మిణీ. లేకుంటే ఈ ఏడు ఖాళీగా పోతాది," అన్నారు. వారం రోజులు పోయాను. పిట్ట రాలేదు. ఎనిమిదో రోజు విసుగేసి, తోపుకు పోకుండా ఆర్.ఎస్. పురంలో స్నేహితురాలి ఇంట్లో కాలక్షేపం చేసి వచ్చాను. ఎదురుచూస్తున్న ఆయన మొహం చూసి, "వచ్చింది మామా, చూస్తిని," అనేశాను.

దిండుకు ఆనుకుని లేచి కూర్చున్నారు. నోటుపుస్తకం నా చేతికిచ్చారు. తేదీ వేసి రాశాను.

"ఎక్కడుండె?"

"మొగలిపొద కింద. ఎండాకులు తిరగేస్తా ఉండె."

"గట్టు మీదనే పోతివా?"

"ఆ, గట్టు మీదనే."

ఆయన నా చీర అంచు వైపు చూశారు. "ఈ నెలలో ఆ గట్టు మీద పోతే ఉత్తరేణి గింజలు వదలవే. నీకు ఒక్కటైనా అంటలేదే?"

వంటింట్లోంచి అత్త నవ్వు. "సి.ఐ.డి. చేతికి చిక్కితివి పో!"

ఆయన కోప్పడలేదు. దగ్గు తెరిపిచ్చాక మెల్లగా అన్నారు: "దాన్ని కొట్టేయి. రాలేదని రాయి. రాకపోయేది కూడా సంగతే గదా. నాకోసరం వచ్చిందని రాస్తే, ఇన్నేళ్లు రాసిందంతా ఎవరు నమ్ముతారు?"

కొట్టేశాను. మర్నాటి నుంచి రోజూ పోయాను. రోజూ వచ్చి "రాలే మామా" అని చెప్పాను. "సరి," అనేవారు. చివరి రోజుల్లో మాట రాక తల మాత్రం ఊపేవారు.

ఆయన పోయిన మూడో రోజు, చితి మీద పాలు పోసే కార్యం అయ్యాక, సాయంత్రం తోపుకు పోయాను. ఆ పిట్ట ఈల వేసిందని ఇక్కడ రాస్తే మీకూ బాగుండేది, నాకూ బాగుండేది. వేయలేదు. ఆరు దాటింది. జమ్ములోంచి ఒక నీటికోడి బయటికొచ్చింది, దాని వెనక నల్లటి పిల్లలు. నాలుగని లెక్కపెట్టాను. చివర కదిలింది ఐదో పిల్లో, ఆకు నీడో తేలలేదు. అంతలో అన్నీ అవతలి జమ్ములోకి దూరిపోయాయి. మళ్లీ ఇటు వస్తే లెక్క తేల్చుకుందామని, పాదాలు బురదలో దిగిపోతున్నా, అక్కడే నిలబడ్డాను.