ఐదో తూటా

మొన్న మంగళవారం పొద్దున నేను ఆఫీసుకి వెళ్లే బస్సులో ఉండగా పక్కింటి ఆంటీ ఫోన్ చేశారు. "అంకుల్ చలా గయిస్, బేటీ" అన్నారు, అంతే. ఆంటీది ఫిజీ హిందీ. నాకు సగమే అర్థమవుతుంది కానీ, ఆ ముక్క అర్థం కాకపోవడమేముంది? అంకుల్ వెళ్లిపోయారు. తర్వాతి స్టాపులో దిగి, ఎదురు బస్సెక్కి మేముండే పేట మనురేవాకి వచ్చేశాను. టీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. కప్పు కూడా కింద పడలేదని ఆంటీ వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు.

వచ్చినవాళ్లంతా ఆయన్ని మంచివాడన్నారు, పనిమంతుడన్నారు. రెండూ నిజమే. కానీ ఎంతో ఇష్టపడిన తుపాకీని ఆయన ఏడాది క్రితం ఎందుకు వదిలేశారో నాకొక్కదానికే తెలుసు. అడిగినవాళ్లకి "వయసైంది" అని ఊరుకున్నారు తప్ప నా పేరు ఎత్తలేదు. అందులో నా తప్పుంది. అది దాచి ఆయన్ని పొగిడితే ఆయనకే నచ్చదు.

మాది కడప అనగానే ఇక్కడి తెలుగువాళ్లంతా బాంబుల జోకులు మొదలుపెడతారు. నిజానికి నేను తుపాకీని దగ్గరగా చూసింది మనురేవాలో, అంకుల్ గరాజులో. ఆయన పుట్టింది ఫిజీలో. ముత్తాతలు చెరకు తోటల్లో పనికి మన వైపు నుంచి వెళ్లినవాళ్లు. వాళ్ల అవ్వ దగ్గర నేర్చుకున్న తెలుగు ఆయనకి కొంత మిగిలింది. ఇక్కడికొచ్చి రిటైరయ్యేదాకా లేత్ మెషీన్ మీద పనిచేశారు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం అని చెప్పినప్పుడు ఆయన మొహం వెలిగిపోయింది.

"తప్పులు పట్టడానికి జీతమిస్తారా? అయితే శనివారం నాతో రా బేటీ. నా దగ్గర తప్పులు చాలా ఉన్నాయి."

ఆ తప్పులన్నీ ఆయన కొత్తగా కొన్న రైఫిల్‌వి. షాపులో ఉన్నవాటిలోకెల్లా చవకది. మధ్యకి మడిచి, ఒక్క తూటా పెట్టి మూయాలి. పేల్చాక మళ్లీ మడిచి ఇంకోటి పెట్టాలి. ఇక్కడ కుందేళ్లు పంటలకి పెద్ద పీడ. దక్షిణాన అరగంట దూరంలో లెట్యూస్ ఆకుకూర వేసే ఒక కీవీ రైతు, తన పొలంలో కుందేళ్లని కాల్చడానికి అంకుల్‌ని రమ్మనేవాడు. అయితే వంద మీటర్ల దూరంలో అంటించిన కార్డు మీద ఐదు తూటాలు వేస్తే ఐదు చిల్లులూ నాలుగు సెంటీమీటర్లలోపు పడాలి. కుందేలు తల అంతే ఉంటుంది. అంతవరకూ ప్రాణమున్నదాని మీద పేల్చకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం. తుపాకీలు పేల్చడం సాధన చేసే మైదానంలో ఈ చవక తుపాకీ మొదటిరోజు తొమ్మిది సెంటీమీటర్లు చూపించింది.

ఆరోజు నేనొక ఘనకార్యం చేశాను. కార్డు చూసి ఆయన తల అడ్డంగా ఊపి, "గురి కుదరలేదు బేటీ" అన్నారు. ఖాళీ తుపాకీని మడిచి బల్ల మీద పెట్టి, కొత్త కార్డు అంటించడానికి తూటాలు ఆపే మట్టిగుట్ట దాకా నడిచి వెళ్లారు. గురి కుదరకపోతే కుదర్చాలి కదా అని నేను తుపాకీ పైనున్న టెలిస్కోప్ మరను నాలుగు క్లిక్కులు తిప్పి పెట్టాను. తర్వాత తూటాలన్నీ ఒక పక్కకి పోవడం మొదలైంది. ఆయన ముప్పావుగంట మరలన్నీ విప్పి చూశారు. చివరికి ఒప్పుకున్నాను.

ఆయనకి కోపం రాలేదు, ఆశ్చర్యం వచ్చింది. "గురి అంటే నిషానా కూడానా?" అన్నారు, కార్డు నడిమి చుక్క చూపిస్తూ. వాళ్ల అవ్వ నోట ఆయన విన్నది ఒకటే గురి, నమ్మకం. ఫలానా డాక్టరు మీద గురి ఉందనో, లేదనో అవ్వ అనేదట. మా అమ్మా అలాగే అంటుంది. కానీ తుపాకీ ఎదురుగా ఉంటే నాకా అర్థం తట్టనే లేదు. ఆయన అన్నది ఈ తుపాకీ మీద తనకింకా నమ్మకం కుదరలేదని. "రెండిటికీ ఒకటే మాటా! మన వాళ్లు తెలివైనవాళ్లే" అని దారంతా నవ్వుతూనే ఉన్నారు. ఆ రోజు నుంచి టెలిస్కోప్‌కి నా చేయి అందనంత దూరంలో నా కుర్చీ వేసేవారు.

ఆ తర్వాత మూడు నెలల శనివారాలు నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, అది ఆయన పట్టు. మా ఆఫీసులో పెద్ద పెద్దవాళ్లకే అంత ఓపిక లేదు. ముందు గొట్టం వేడెక్కితే తూటాలు పైకి పాకుతున్నాయని కనిపెట్టి, ఒక్కో తూటాకి మధ్య ఐదు నిమిషాలు ఆగడం మొదలుపెట్టాం. తర్వాత తుపాకీని ఆన్చే ఇసుక సంచిని గొట్టం కింద నుంచి తీసి, తుపాకీ మడత పడే చోటికి జరిపాం. తుపాకీ ముందువైపు చెక్క గొట్టాన్ని ఒరుసుకుంటోందని, రెంటికీ మధ్య కుళాయిలో వేసే చిన్న రబ్బరు రింగు వేసి మర బిగించారు. ఒక్క దెబ్బకి తొమ్మిది అయిదైంది. మూసేటప్పుడు ఒకరోజు గట్టిగా, ఒకరోజు నెమ్మదిగా మూసినా తేడా వస్తుందట. అది నాకు ఎంతకీ నమ్మబుద్ధి కాలేదు. ఇరవై కార్డులు వేసి నమ్మించారు. ఇక మిగిలింది తూటాలు. నాలుగు కంపెనీలవి తెచ్చి పెడితే, అది అన్నిటికన్నా తేలిక తూటాలనే ఇష్టపడింది. "చవక పిల్ల, తిండి దగ్గర మాత్రం మహా పేచీ" అని మురిసిపోయారు. రెండున్నర సెంటీమీటర్లు వచ్చింది.

ఎక్కువ డబ్బు పోసి కొన్నవాళ్లు తమ మంచి కార్డు ఫోన్లో ఫొటో తీసి చూపిస్తుంటే, ఈయన "చెడ్డది చూపించు భాయ్" అనేవారు. నాలుగు దగ్గరగా పడి ఒకటి ఎగిరిపోతే దాన్ని లెక్కలోంచి తీసేద్దామని ఒకసారి నేనే అన్నాను. "కుందేలుకి ఆ ఐదోదే తగలొచ్చు కదా" అన్నారు. నేను మళ్లీ అడగలేదు.

లైసెన్సున్నవాళ్లు పక్కనుంటే నేర్చుకునేవాళ్లు కాల్చవచ్చు. అలా నాకూ నేర్పారు. రెండేళ్లు హాయిగా గడిచాయి. పోయిన చలికాలంలో ఆయన కార్డులు పాడవడం మొదలైంది. నాలుగు, ఆరు, ఎనిమిది. ఆయన రింగు మార్చారు, మరలు చూశారు, గొట్టం కడిగారు. రైతేమో నారు మిగలట్లేదని ఫోన్ల మీద ఫోన్లు. ఒక శనివారం ఆయన బల్ల దగ్గర నుంచి లేచి, "అన్నీ మార్చి చూశాం. మనిషిని మార్చలేదు. నువ్వు వెయ్యి" అన్నారు.

నేను కూర్చున్నాను. నాలుగు వేశాను. నాలుగూ మన రూపాయి బిళ్లంత ఉండే రెండు డాలర్ల బిళ్ల కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. ఐదోది పెట్టి మూస్తుండగా అప్పుడు తట్టింది, ఇది కూడా అక్కడే పడితే తప్పు తుపాకీది కాదని తేలిపోతుంది. శనివారాలు అయిపోతాయి. పక్కన ఆయన కార్డుకేసే చూస్తున్నారు. నేను కొంచెం పక్కకి జరిపి పేల్చాను.

ఆయన కార్డు దగ్గరికి వెళ్లి, వేలు పెట్టి చూసి, చిన్నపిల్లాడిలా సంబరపడుతూ వచ్చారు. "చూశావా, నీకూ ఎగిరింది! తుపాకీలోనే ఉంది రోగం." ఆ వారమంతా గరాజులో కూనిరాగాలు. తుపాకీ మొత్తం విప్పి మళ్లీ బిగించారు. మరుసటి శనివారం ఆయన వేసిన కార్డు సరిగ్గా నాలుగు సెంటీమీటర్లు వచ్చింది. ఒక్క కార్డు చాలదని ఎప్పుడూ ఆయనే అనేవారు. ఆరోజు అనలేదు. నేనైనా అనాల్సింది, అనలేదు.

ఆ సాయంత్రమే రైతు దగ్గరికి వెళ్లాం; పొలం గట్టున ఎనభై మీటర్ల దూరంలో కుందేలు కూర్చుని ఉంది. ఆయన పేల్చారు. అది వెనక కాలు ఈడ్చుకుంటూ గోర్స్ ముళ్లపొదల్లోకి దూరింది. ఆ ముళ్లలోకి కుక్క కూడా పోదు. ఆయన పోయారు. రెండు గంటలు ఇద్దరం వెతికాం. మోచేతుల దాకా గీరుకుపోయింది. దొరకలేదు. ఆయన ఇంకో పొద వైపు వంగుతుంటే నేనిక ఆగలేకపోయాను.

"అంకుల్, ఆరోజు ఐదోది నేను కావాలనే పక్కకి వేశాను."

ఆయన నిలబడిపోయారు. "ఎందుకు బేటీ?"

"మీరు మానేస్తారని."

"మానేయాలి కదా మరి" అన్నారు. గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ ఏడిపించింది. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను. ఆయన కంచె పక్కన గడ్డిలో కూలబడి, చేతుల్లో దిగిన ముళ్లు ఒక్కొక్కటీ పీక్కున్నారు. తర్వాత ఉన్నట్టుండి నా వైపు తిరిగారు.

"అయితే మిగతా నాలుగూ నిజమైనవేనా?"

"నిజమైనవే."

"అంటే తుపాకీ బాగానే ఉంది" అన్నారు. చూస్తుండగానే ఆయన మొహం తేటపడింది. మూడు నెలలుగా వెతుకుతున్న తప్పు దొరికిన మనిషి మొహం అది. జేబులోంచి లేత్ రోజులనాటి స్టీలు స్కేలు తీసి నాకిచ్చి, కుడిచేయి ముందుకు చాపారు. చూపుడువేలు సన్నగా వణుకుతోంది.

"ఎంత ఊగుతుందో కొలువు."

స్కేలు ఆయన వేలి పక్కన పెట్టాను. ఆయన కళ్లజోడు సవరించుకుని వంగి చూస్తున్నారు, అది ఎవరి చేయో అన్నట్టు. "రెండు మిల్లీమీటర్లా, మూడా? సరిగ్గా చూసి చెప్పు." నేను గీతలు లెక్కపెట్టడానికి మళ్లీ మళ్లీ ప్రయత్నించాను. నా చేతిలోని స్కేలు ఆయన వేలికన్నా ఎక్కువగా వణుకుతోంది.