ఆ చీటీ అతికించింది నేనే

"అక్కా, ఆ పొద్దు బల్ల తుడిచింది నువ్వే కదా?"

"నేను ఆ రూములోకే పోలేదు మేడం."

"సరేలే అక్కా. పొద్దెక్కింది, భోంచేసి పో."

మంజుల మేడం, నేను మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవి. నేను చెప్పింది అబద్ధం. తొమ్మిదేళ్లుగా ఆ ఒక్క మాట మోయలేని బరువై నన్ను వెంటాడుతోంది. నా భర్త పోయిన రోజున కూడా, ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో అదే గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలియని వాళ్లకైతేనే చెప్పగలను. నాకు రాయడం రాదు. నేను చెబుతుంటే నా చెల్లెలి కూతురు పద్మ రాస్తోంది.

ఇక్కడ కన్నడ సీమలో, కాడుగోడి దాటాక ఒక యూనివర్సిటీ సెంటర్ ఉంది. అక్కడ ఊడ్చి తుడిచే పని నాది. కంప్యూటర్లు బాగుచేసే టీమ్‌ను మంజుల మేడం నడిపేది. హిందూపురం వైపు మనిషి. ఆమె రాకముందు ప్రొజెక్టర్ ఆగిపోతే, బయటి నుంచి ఎవరో వచ్చేదాకా క్లాసు మొత్తం గోడ చూస్తూ కూర్చునేది. ఆమె వచ్చి ఐదుగురిని పెట్టుకుని, రిపేరుకని ఒక గదిని నిలబెట్టింది. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు ఫోన్లో అరుస్తుంటే, "స్విచ్ వేసుండాదా సార్, ఒకసారి చూస్తారా?" అని నవ్వకుండా అడిగేది. ఫోన్ పెట్టాక మాత్రం అందరం నవ్వేవాళ్లం.

ఆ సెంటర్‌లో ల్యాప్‌టాప్‌లన్నీ ఒకటే రకం, నల్లవి. ఏది ఎవరిదో చూస్తే తెలియదు. అందుకని బాగుచేయడానికి వచ్చిన ప్రతిదాని మీదా ఒక చీటీ అతికించేవారు. ఎవరిది, ఏం చేయాలి అని దాని మీద రాసి ఉండేది. మేడం అందరికీ ఒకటే మాట చెప్పింది: చీటీ ఊడితే ఎవరూ మళ్లీ అతికించొద్దు, నా చేతికి తెచ్చివ్వండి.

ఒకసారి అలాగే తెచ్చిచ్చాను. ఆమె పనిలో ఉండి, తల ఎత్తకుండానే, "ఎవరి పేరుందో చదువు అక్కా" అంది. ఐదుగురూ నా వైపు చూశారు. అద్దాలు ఇంట్లో మరిచిపోయానని చెప్పాను. నాకు అద్దాలే లేవు. ఏడో తరగతి పాసయ్యానని చెప్పి ఆ పనిలో చేరాను. నన్ను పనికి పెట్టిన కాంట్రాక్టరే అలా చెప్పమన్నాడు. తెలిస్తే తీసేస్తారని భయం.

ఆ రోజు తడిగుడ్డ తగిలి రెండు చీటీలు ఒకేసారి ఊడాయి. గదిలో ఎవరూ లేరు. తీసుకెళ్లి ఇస్తే మళ్లీ చదవమంటుందేమో. ఏది దేని మీద ఉండేదో గుర్తున్నట్టే అనిపించింది. అనిపించిందా, అనిపించిందని నాకు నేను చెప్పుకున్నానా? ఇప్పటికీ తెలియదు. అతికించేశాను.

ఒకటి రిటైరవుతున్న ప్రొఫెసర్‌ది, మొత్తం ఖాళీ చేసి ఇంకొకరికి ఇవ్వాల్సింది. రెండోది రీసెర్చ్ చేసే ఒక అమ్మాయిది, కీబోర్డు మార్చడానికి ఇచ్చింది. టీమ్‌లోని మనిషి పద్ధతి ప్రకారమే ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి అడిగాడు. ఉన్నదంతా తీసేయమన్నాడాయన. ఖాళీ అయింది ఆ అమ్మాయి ల్యాప్‌టాప్. నాలుగేళ్ల చదువు అందులోనే ఉంది. ఆమె మెట్ల మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు నేను విన్నాను. విని, అవే మెట్లు తుడిచాను.

తర్వాత కమిటీ కూర్చుంది. ఇక్కడే నాకు ఇవాళ్టికీ ఒళ్లు మండుతుంది. ప్రతిదానికీ ఇంకో కాపీ పెట్టుకునే ఏర్పాటు చేయండని మేడం ఎన్నిసార్లు అడిగిందో ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. వచ్చే ఏడు చూద్దామన్నది ఆ పెద్దమనుషులే. ఆ మాట ఒక్కడూ ఎత్తలేదు. వాళ్లకు టీ ఇచ్చింది నేను. నా ముందే, నేనొక కుర్చీనైనట్టు, కన్నడలో మాట్లాడుకున్నారు: ఆయమ్మను పంపించేస్తే గొడవ పోతుంది. బల్ల తుడిచే మనిషిని ఒక్కసారి పిలిచి అడగాలని ఒక్కడికీ తోచలేదు. తుడిచేదానికి ఏం తెలుస్తుందిలే అనుకున్నారు. మేడం మాత్రం, టీమ్ నాది, తప్పు నాదే అంది. తన మనుషుల్లో ఒక్కరి పేరూ చెప్పలేదు.

వాళ్ల మీద కోపంగా ఉన్నంతసేపూ నాకు బాగుంటుంది. అదే నా దొంగతనం. వాళ్లు అడగలేదు, సరే. ఆమె అడిగింది కదా? పెట్టెలో సామాన్లు సర్దుకుంటూ, మెల్లగా, ఎవరూ వినకుండా అడిగింది. నేను అవునని చెప్పి ఉంటే ఏం చేసేది? నన్ను తీసేయించేదా? నా చేయి పట్టుకుని కమిటీ దగ్గరకు తీసుకెళ్లేదా? తెలిసి కూడా భోంచేసి పొమ్మందా? ఆ రోజు నేను భోంచేశాను కూడా.

ఇంట్లో చెబితే నా భర్త, "నోరు మూసుకోని ఉండు, నీకెందుకప్పా" అన్నాడు. ఉన్నాను. ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఆ మాట చాటున దాక్కోవడానికీ లేదు.

మేడం ఇప్పుడు చందాపురలో ఎవరిదో మొబైల్ రిపేరు అంగడిలో పనిచేస్తోందట. ఎక్కడికి వెళ్లినా పాత చోట ఎందుకు తీసేశారని అడిగారట. దానికి జవాబు నా దగ్గర ఉంది. ఆమె దగ్గర లేదు. క్షమించమని అడగడానికి కాదు ఇది. అడిగే మొహం లేదు. తప్పు ఆమెది కాదు, ఆమె పద్ధతిదీ కాదు. చీటీ మార్చింది నేను. ఈ మాట బయటికి అన్నాను, అంతే.

పద్మా, మొదటి నుంచీ చదివి వినిపించమ్మా. నీకు నామీద జాలి ఎక్కువ. నేను చెప్పినట్టే రాశావో, నన్ను మంచిదాన్ని చేసి రాశావో కాగితం చూస్తే నాకు తెలియదు. మెత్తగా ఉన్నచోట ఆపుతాను, కొట్టేద్దువు. చదువు.