నాకు రాసిన మెసేజులు

యాభై ఏళ్లు దాటేదాకా నాకు అక్షరం ముక్క రాదు. ఆసుపత్రి చీటీ అయినా, ఫోన్లో వచ్చిన మెసేజ్ అయినా ఇంకొకరు చదివి చెప్పాల్సిందే. మల్కాజ్‌గిరిలో ఉండే మా చెల్లె, తన కోడలు నెల తప్పిందని మెసేజ్ పంపితే, తార్నాకలో మా గల్లీ కిరాణా కొట్టాయన చదివి చెప్పాడు. ఉప్పు, పప్పు కొనడానికి వచ్చినవాళ్లంతా నాకంటే ముందే సంతోషపడ్డారు. ఆయన మంచివాడే. గొంతు పెద్దది, అంతే.

యూనివర్సిటీలో అమ్మాయిల హాస్టల్ మెస్‌లో నేను వంట చేస్తాను. అక్కడ ఎమ్మే చదివే ఒకమ్మాయి నాకు చదువు చెబుతానని పట్టుబట్టింది. ఆమెను నేను పంతులమ్మ అంటాను, ఆమె నన్ను పెద్దమ్మ అంటుంది. మధ్యాహ్నం వడ్డన అయ్యాక కూరగాయలు తరిగే బల్ల దగ్గర పాఠం. సాయంత్రానికి ఇంకో పాఠం ఫోన్లో వచ్చేది. దానికోసం ఒక గ్రూపు పెట్టింది. అందులో ఆమె, ఆమె గదిలో ఉండే ఇద్దరమ్మాయిలు, నేను. మొదట్లో చిన్న చిన్న మాటలు పంపారు. తర్వాత వాక్యాలు: ‘ఇవాళ సాంబారు బాగుంది’, ‘రేపు పొంగలి చేయకండి’. పాఠం పేరు చెప్పి మెస్ మీద ఫిర్యాదులన్నీ నా నోటితోనే చదివించారు.

పంతులమ్మ నాకు పెట్టిన కట్టుబాటు ఒకటే. గ్రూపు తెరిచిన ప్రతిసారీ మొదటి పాఠం నుంచి, పైకి వినపడేలా చదువుకుంటూ రావాలి. చిన్నప్పుడు ఆమె ఎక్కాలు అలాగే నేర్చుకుందట. నాకు ఇప్పటికీ లోలోపల చదవడం చేతకాదు. పెదవులు కదలనిదే కన్ను ముందుకు పోదు.

అప్పుడే క్యాంపస్‌లో ఉపన్యాసం ఇవ్వడానికి ఒకాయన వస్తున్నాడని తెలిసింది. ఏదో యాప్ పెట్టి చాలా పెద్దవాడయ్యాడట. ఎక్కడెక్కడి జనమో అందులో మాట్లాడుకుంటారు. పోలీసులు అడగ్గానే, కోర్టు కాగితం కూడా చూడకుండా, ఆ మాటలన్నీ తీసి ఇచ్చాడని కొందరు తిట్టేవారు. దొంగలు దొరికితే మంచిదే కదా అని కొందరు మెచ్చుకునేవారు. మెస్‌లో అన్నం ముందు రోజూ ఇదే గొడవ. పంతులమ్మ గదిలోనే ఒకమ్మాయి ఆయన వైపు మాట్లాడేది.

“తప్పు చేయనోళ్లకు భయమెందుకే?” అందా పిల్ల ఒకరోజు.

పంతులమ్మ ఆమె ఫోన్ తీసుకోబోయింది. ఆ పిల్ల గబుక్కున ఫోన్ మీద కూర్చుంది. చుట్టూ ఉన్నవాళ్లమంతా నవ్వాం, ఆమె కూడా నవ్వింది. పంతులమ్మకు ఉపాయం తట్టింది అక్కడే. ఉపన్యాసం అయ్యాక లేచి, ఆయన ఫోన్ తెరిచి మాకు ఇమ్మని అడగాలి.

ఇలాంటి సభలప్పుడు ప్రశ్నలు అడుగుతారనుకున్న పిల్లలను పోలీసులు ముందే తీసుకెళ్లి, సభ అయ్యాక వదిలిపెట్టడం మాకు కొత్త కాదు. అందుకని ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు లేవాలో అంతా మా పాఠాల గ్రూపులోనే రాసుకున్నారు. వంటామె గ్రూపు ఎవరు చూస్తారులే అనుకున్నారు. సభకు ముందురోజు నాకు వచ్చిన పాఠం అదే.

ఆ సాయంత్రం పని ముగించుకుని ఇంటికి బయల్దేరితే తార్నాక వైపు గేటు దగ్గర బారికేడ్లు పెట్టి ఉన్నాయి. పోలీసులు ఒక్కొక్కరినీ ఆపి ఫోన్లు తెరిపిస్తున్నారు. ఎక్కడ పనిచేస్తానని ఒక కానిస్టేబుల్ అడిగాడు. అమ్మాయిల హాస్టల్ అనగానే చెయ్యి చాపాడు.

“ఫోన్ ఇటియ్యమ్మా. రేపటి మీటింగు గురించి పిల్లలేమన్న పంపిన్రా?”

ఫోన్ ఇస్తే ముందు కనపడేది ఆ చివరి పాఠమే. తెల్లారేసరికి పంతులమ్మ స్టేషన్‌లో ఉంటుంది. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

“పిల్లలు పంపుతనే ఉంటరు సారూ. నాకు రాసినవి గద, నేనే చదువుత.”

“చదువొస్తదా నీకు?”

“ఇప్పుడిప్పుడే వస్తున్నది.”

ఆయన నవ్వి, సరే చదవమన్నాడు. నేను వేలితో జరుపుకుంటూ గ్రూపు మొదటికి వెళ్లాను. అందులో నా తెలివేమీ లేదు, ఇంకోలా చదవడం నాకు తెలియదు. “అల. వల. తల,” అని మొదలుపెట్టాను. వెనక బండ్లు ఆగాయి. “ఇవాళ సాం...” దగ్గర నా గొంతు తడబడితే, స్కూటర్ మీదున్న ఒకాయన “సాంబారు, అమ్మా” అని అందించాడు.

“నువ్వు చెప్పకయ్యా, ఆమెను చదువుకోనియ్,” అన్నాడు కానిస్టేబుల్.

సాంబారు, పొంగలి, బీరకాయ వరుసగా దాటాను. రోజూ చదివే పాఠాలు కావడంతో పోనుపోను గొంతు సాగింది. చదువు ఇంత బాగా వచ్చిందే అని జీవితంలో మొదటిసారి దిగులుపడ్డాను. ఇంతలో బస్సు హారన్ మోగింది. జీపులో కూర్చున్న ఎస్సై, అక్కడ ఏమవుతోందని కేకేశాడు.

“ఇంకెంతున్నదమ్మా?” అన్నాడు కానిస్టేబుల్.

“మొదటి నెలే అయింది సారూ. ఇగ వత్తులు మొదలైతయి.”

ఆయన వెనకున్న బండ్ల వరుస చూశాడు, జీపు వైపు చూశాడు. “వత్తులొద్దుగని, నువ్వు పో తల్లీ,” అని బారికేడ్ జరిపాడు.

మర్నాడు సభలో మెస్ వాళ్లం టీ పట్టుకుని వెనక నిలబడ్డాం. ఆ యాప్ పెట్టినాయన బాగా మాట్లాడాడు, నవ్వించాడు కూడా. దాచుకునేది లేనివాడికి భయమే ఉండదని చెప్పి ముగించాడు. పంతులమ్మ లేచింది.

“సార్, మీ ఫోన్ లాక్ తీసి ఒక్కసారి ఇస్తరా? వెనక వరుసదాకా అందరం చూసి, జాగ్రత్తగా తెచ్చిస్తం.”

ఆయనా నవ్వాడు. కానీ కుడిచెయ్యి వెళ్లి ఫోన్ ఉన్న కోటు జేబు మీద పడింది. అది వేరే విషయమన్నాడు.

“ఎట్ల వేరే సార్?” అని అడిగింది పంతులమ్మ కాదు. ఇన్నాళ్లూ ఆయన వైపు మాట్లాడిన అమ్మాయి.

హాలంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుల మధ్యే నేను స్టేజి మీదికి టీ తీసుకెళ్లాను. కప్పు ఎడమచేత్తో అందుకున్నాడు.