మాంట్‌సెరాట్‌కి నేనిచ్చిన వాటం

మొన్న సోమవారం పొద్దున్న పదిన్నరకి నేను ఒక ప్రభుత్వాన్ని ముంచేశానండి. నవ్వకండి, నిజం. గవర్నర్ బంగళా, అసెంబ్లీ, ఆస్పత్రి, ఎయిర్‌పోర్టు, అన్నీ. అరనిమిషంలో ఖలాస్. అదీ ఎవరి ముందు? స్కూలు ప్రిన్సిపల్ ముందు, జడ్జిగా వచ్చిన ఒక ఇంగ్లీషు పెద్దాయన ముందు, అన్నిటికంటే ముఖ్యంగా మా ఆవిడ ముందు. ఆ కరక్ చాయ్ ఇటు జరపండి, మొదట్నుంచీ చెప్తాను.

నాది ప్లాస్టరింగ్ పని. రామచంద్రపురం నుంచి ఈ ఎడారి దేశానికి మేస్త్రిగా వచ్చి పంతొమ్మిదేళ్లయింది, ఇప్పుడు సూపర్‌వైజర్ని. సైటు ఖోర్ ఫక్కాన్‌లో, ఇల్లు రోలాలో. గోడ మీద అరచెయ్యి పెట్టానంటే ఎక్కడ ఉబ్బిందో, ఎక్కడ లొత్త పడిందో చెప్పేస్తాను. మా ముదీర్, అదే మేనేజరు, కూడా నన్ను 'ఫినిషింగ్' అనే పిలుస్తాడు. పేరు మర్చిపోయాడనుకుంటాను, కానీ నేను దాన్ని బిరుదుగానే తీసుకున్నాను.

మా ఆవిడ సుజాత పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. ఒక్కతే అమ్మాయి సహస్ర, ఆరో క్లాసు. ఇంట్లో లౌడ్‌స్పీకరు, స్కూల్లో మౌనవ్రతం. పేరెంట్స్ మీటింగుకి వెళ్తే మూడేళ్లుగా టీచర్లందరిదీ ఒకటే మాట. "సహస్ర చాలా మంచి పిల్ల, కానీ నోరు విప్పదు." అలాంటిది ఈసారి జాగ్రఫీ ప్రదర్శనకి తనంతట తానే పేరిచ్చుకుని వచ్చింది. మైకులో మాట్లాడాలి, జడ్జిల ముందు డెమో చూపించాలి. సుజాత ఆ రోజు పెరుమాళ్లకి చెప్పుకుందో ఏమో గానీ నాకు మాత్రం ఒకటే చెప్పింది. "ఏవండీ, అది ధైర్యం చేసింది. మీరు మధ్యలో వేలు పెట్టకండి." పెట్టనని మాటిచ్చాను.

ఎవరు ఏ ప్రాంతం గురించి చెప్పాలో స్కూల్లో చీటీలు తీయించారు. సహస్ర చీటీలో వచ్చింది మాంట్‌సెరాట్. నేనెప్పుడూ వినలేదు. మీరు విన్నారా? చూశారా, ఎవరూ వినలేదు.

"ఏ దేశమే అది?" అన్నాను.

"దేశం కాదు నాన్నా, టెరిటరీ. కరీబియన్ సముద్రంలో చిన్న ద్వీపం. బ్రిటన్ వాళ్ల కింద ఉంటుంది."

"ఎంత చిన్నది?"

"పొడుగు పదహారు కిలోమీటర్లే."

అంటే మనం రోలా నుంచి దేరా వెళ్లేంత. ట్రాఫిక్‌లో రెండు గంటలు పట్టే ద్వీపం అన్నమాట. జనం మొత్తం కలిపి నాలుగైదు వేలుంటారట. మన రోలాలో నాలుగు బిల్డింగులు ఖాళీ చేయిస్తే అంతకంటే ఎక్కువే దిగుతారు. అక్కడి వాళ్లు ఎక్కువమంది ఎప్పుడో ఆఫ్రికా నుంచి బానిసలుగా తీసుకొచ్చినవాళ్ల సంతానం. ఐర్లాండు వాళ్లు కూడా ఒకప్పుడు వచ్చి స్థిరపడ్డారు కాబట్టి ఐరిష్ పండక్కి అక్కడ సెలవు. పెళ్లికైనా పేరంటానికైనా మేకమాంసం పులుసు ఉండి తీరాలట.

"అయితే మనవాళ్లే" అన్నాను.

ఇక ప్రభుత్వం. గవర్నర్ని బ్రిటన్ రాజుగారు వేస్తారు. జనం తొమ్మిదిమందిని ఎన్నుకుంటారు, వాళ్లలో పెద్దాయన ప్రీమియర్. నాకు అర్థమయ్యేలా చెప్పమంటే మా అమ్మాయి అన్నం కలుపుతూ చెప్పింది. "మనింట్లో అమ్మ గవర్నర్. నేను ప్రీమియర్."

"మరి నేను?"

"నువ్వు జనాభా నాన్నా."

సుజాత నవ్వి నవ్వి పొలమారింది. నేనూ నవ్వాను. మౌనవ్రతం పిల్ల ఇంత మాట్లాడుతుంటే జనాభా అయితే ఏం, ఓటరు అయితే ఏం?

అసలు కథంతా అగ్నిపర్వతంలో ఉంది. అది ద్వీపానికి దక్షిణాన ఉంది. తొంభైల్లో లేచి, నైరుతి ఒడ్డున ఉన్న ప్లిమత్ అనే రాజధానిని బూడిదలో కప్పేసిందట. జనంలో సగానికి పైగా ఊరొదిలి వలసపోయారు. మిగిలినవాళ్లూ ప్రభుత్వమూ సర్దుకుని ఉత్తరానికి మారారు. దక్షిణం వైపంతా ఇప్పటికీ నిషేధిత ప్రాంతం, పర్మిషన్ లేకుండా అడుగు పెట్టకూడదు. సహస్ర చూపించాల్సింది అదే. పర్వతంలో తినే సోడా వేసి, ఎర్ర రంగు కలిపిన వెనిగర్ పోస్తే లావా పొంగి పాత రాజధాని మీదకి పోవాలి. ఉత్తరం పొడిగా ఉండాలి. ప్రభుత్వం ఎందుకు మారిందో కళ్లకి కట్టాలి. తన ఉపన్యాసం మొత్తం ఆ ఒక్క డెమో మీద నిలబడింది.

పిల్ల వారం రోజులు కూర్చుని న్యూస్‌పేపరు, మైదాపిండి జిగురు పెట్టి ద్వీపం చేసింది. అగ్గిపెట్టెలతో గవర్నర్ బంగళా, అసెంబ్లీ, ఆస్పత్రి, ఎయిర్‌పోర్టు. బుధవారం తల్లీకూతుళ్లిద్దరూ బాల్కనీలో పెట్టి రెండుసార్లు పరీక్ష చేశారు. రెండుసార్లూ లావా బుద్ధిగా ప్లిమత్ మీదకే వెళ్లింది. సుజాత ఫోన్లో వీడియో కూడా తీసింది. ఆ వీడియో సంగతి గుర్తుపెట్టుకోండి.

శుక్రవారం నాకు సెలవు. తల్లీకూతుళ్లు ఆకుపచ్చ గౌను కొనడానికి బజారుకెళ్లారు. నేనూ ద్వీపమూ ఇంట్లో మిగిలాం.

చూశానండి. ఎలా ఊరుకోమంటారు? పైనంతా ముడతలు. మధ్యలో అర్థంపర్థం లేని రెండు బుడిపెలు. పర్వతం పక్కన నైరుతి వైపు ఇంత పొడుగు పగులు. నా కూతురు, ఫినిషింగ్ గారి కూతురు, ఇలాంటి సర్ఫేసు పెట్టుకుని జడ్జిల ముందు నిలబడుతుందా? ముట్టుకోనని మాటిచ్చినమాట నిజమే. కానీ నేను మోడల్ ముట్టుకోలేదు కదా, పైపూత మాత్రమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సంచిలోంచి తాపీ తీశాను, రసమట్టం తీశాను. సైటు నుంచి తెచ్చిన జిప్సమ్ సగం బస్తా ఉండనే ఉంది. యల్లా, ఇక కానిద్దాం అనుకున్నాను.

అగ్గిపెట్టెలు జాగ్రత్తగా పీకి పక్కన పెట్టాను. పగులు పూడ్చేశాను. బుడిపెలు రెండూ పూతలో కలిపేశాను. పైనుంచి కిందకి నున్నగా, అద్దంలా లాగాను. మరి మన చెయ్యి ఊరుకుంటుందా? వాటం లేకుండా నేను ఏ పనీ చెయ్యలేదు ఇంతవరకూ. బాత్రూమైనా డాబా అయినా నీళ్లు ఎటు పోవాలో ముందే చూసుకుని ఆ వైపు పల్లం ఇవ్వకపోతే నాకు నిద్రపట్టదు. పిల్ల అట్ట మీద ఉత్తరం బాణం గీసే ఉంచింది. ఇంకేం, మా తాత మేస్త్రి, మా నాన్న మేస్త్రి, చిన్నప్పట్నుంచీ నూరిపోసిన మాట నోట్లో ఆడుతూనే ఉంది. నైరుతి మెరక, ఈశాన్యం పల్లం. వాస్తు ప్రకారం బరువు నైరుతిలో ఉండాలి, నీళ్లు ఈశాన్యానికి పోవాలి. నైరుతి మూల ఒక అంగుళం లేపాను. అక్కణ్ణించి ఉత్తరం మీదుగా ఈశాన్యం దాకా ఒకే వాటం. పైన ఆకుపచ్చ పెయింటు. అగ్గిపెట్టెలు ఎక్కడివక్కడ అతికించాను.

సహస్ర వచ్చి చూసింది. గౌను కవరు చేతిలోంచి జారింది.

"ఎవరు ముట్టుకున్నారు?"

"ఫినిషింగ్ అంతేనమ్మా. చూడు, ఎంత నున్నగా ఉందో."

"నాన్నా, ఇక్కడ లోయ ఉండాలి కదా?"

"అది పగులే తల్లీ. పూడ్చేశాను."

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. సుజాత నావైపు చూసిన చూపు గురించి ఇక్కడ చెప్పను, మీరు చాయ్ తాగుతున్నారు. సరే, ఇంకోసారి పోసి చూద్దాం అంది సహస్ర. అక్కడ ఒప్పుకుని ఉంటే బతికిపోయేవాణ్ని. "పెయింటు తడి మీద ఉందమ్మా, ఎర్ర రంగు పడితే మరక పోదు, సోమవారమే పోద్దువుగాని" అన్నాను. ఫినిషింగ్ పాడవుతుందని నా భయం.

సోమవారం నేనూ సెలవు పెట్టాను. పెట్టక తప్పలేదు, జిప్సమ్ పుణ్యమా అని ద్వీపం గ్యాస్ సిలిండరంత బరువైంది, వాళ్లిద్దరివల్లా కాదు. టాక్సీ డ్రైవరు పఠాన్ భాయ్ డిక్కీలో పెట్టడానికి ఒక చెయ్యి వేసి, "భాయ్, యే క్యా హై?" అన్నాడు. "జజీరా" అన్నాను, ద్వీపం అని. "పూరా జజీరా?" అని నడుం పట్టుకున్నాడు.

స్కూల్లో సహస్ర వంతు వచ్చింది. మైకు పట్టుకుంది. మొదటి మాట మైకుకి అందలేదు. రెండో మాట వచ్చింది. ఇక ఆగలేదండి. ద్వీపం, జనం, గవర్నరు, ప్రీమియరు, తొమ్మిదిమంది సభ్యులు, మేకపులుసు, అన్నీ చక్కటి ఇంగ్లీషులో గడగడా చెప్పేసింది. నా కూతురేనా అనిపించింది. ఆ ఇంగ్లీషు పెద్దాయన కళ్లజోడు సవరించుకుని ముందుకు వంగాడు. జాగ్రఫీ మిస్ మొహం వెలిగిపోతోంది.

"దక్షిణం ప్రమాదం. అందుకే ప్రభుత్వం ఉత్తరానికి మారింది. ఉత్తరం సేఫ్" అని చెప్పి వెనిగర్ పోసింది.

లావా పొంగింది. బ్రహ్మాండంగా పొంగింది. ప్లిమత్ వైపు ఒక్కసారి తొంగి చూసింది. అక్కడ నేను లేపిన మెరక. వెనక్కి తిరిగింది. తిరిగి, నేనిచ్చిన వాటం పట్టుకుని, ఎక్కడా ఆగకుండా, అటూ ఇటూ చెదరకుండా, సన్నటి ఎర్ర పాయలా ఉత్తరానికి నడిచింది. అడ్డుపడాల్సిన బుడిపెలు ఆ ద్వీపం మధ్యలో ఉండే కొండలట. వాటిని నేనే కలిపేశాను కదా. ముందు ఆస్పత్రి. తర్వాత అసెంబ్లీ, తొమ్మిదిమంది సభ్యులతో సహా. గవర్నర్ బంగళా ఊడిపోయి తేలింది. ఎయిర్‌పోర్టు పడవలా ఈశాన్యం మూలకి వెళ్లి ఆగింది. పాత రాజధాని మీద ఒక్క చుక్క లేదు. పంతొమ్మిదేళ్ల సర్వీసులో అంత మంచి వాటం నేను ఏ బాత్రూముకీ ఇవ్వలేదండి, ఒట్టు.

సహస్ర లావా వైపు చూసింది, నావైపు చూసింది. మళ్లీ మౌనవ్రతంలోకి వెళ్లిపోతుందని నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్నాళ్లకి నోరు విప్పిన పిల్ల నోరు నేనే మూయించాను అనుకున్నాను. భూమి చీలితే బాగుండును, కానీ ఆ ఫ్లోరింగు చాలా గట్టిగా వేశారు.

పెద్దాయన మెల్లగా అడిగాడు. "అయితే ఉత్తరం సేఫ్ కాదన్నమాట?"

మా అమ్మాయి మైకు దగ్గరకి తీసుకుంది.

"అసలు ద్వీపంలో సేఫే సర్. అక్కడ మా నాన్న పని చెయ్యలేదు."

ఇంక చూస్కోండి. ప్రిన్సిపల్ మేడమ్ కుర్చీలో కూర్చోలేకపోయింది. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. సహస్ర మాత్రం నవ్వలేదు. వాళ్లమ్మ దగ్గర ఫోను తీసుకుని బుధవారం వీడియో చూపించింది. లోయ ఎటు ఉండాలో, లావా అటే ఎందుకు పోవాలో, కొండలు ఉత్తరాన్ని ఎలా కాపాడాయో వేలు పెట్టి చెప్పింది. కొండ తీసేస్తే ఏమవుతుందో ఇప్పుడు మీరే చూశారు అని కూడా కలిపింది. నా తప్పుని కూడా పాఠంలో వాడేసింది.

పెద్దాయన ఊరుకోలేదు, నన్ను ముందుకి పిలిచాడు. ఇలా ఎందుకు చేశారు అని అడిగాడు. ఇంగ్లీషు వాడికి వాస్తు ఏం చెప్తాం? "నార్త్ ఈస్ట్ డౌన్ సర్, సౌత్ వెస్ట్ అప్ సర్. వెరీ గుడ్ ఫర్ ఫ్యామిలీ" అన్నాను. సహస్ర పక్కనుంచి సర్ది చెప్పింది. ఆయన అంతా విని, "పాపం, ఆ అగ్నిపర్వతానికి ఈ సంగతి తెలియదు" అన్నాడు.

మోడల్‌కి ప్రైజు రాలేదు. రాదు కూడా. కానీ బెస్ట్ స్పీకర్ కప్పు మా అమ్మాయికే ఇచ్చారండి. పేరు పిలిచినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి, దాచుకోను. సుజాత నా భుజం మీద తట్టి, "ఏడవకండి, ఇంట్లో బాత్రూములో నీళ్లు డోరు వైపే వస్తున్నాయి, ముందు దానికివ్వండి ఆ వాటం" అంది.

సాయంత్రం ఇంటికొచ్చాక ప్రీమియర్ గారు క్యాబినెట్ మీటింగ్ పెట్టారు. నా సంచిలోంచే ఎరుపు తెలుపు చారల వార్నింగ్ టేపు తీసి, తన చదువుకునే బల్ల చుట్టూ కట్టేసింది. పైన ఒక కాగితం. 'నిషేధిత ప్రాంతం. జనాభాకి ప్రవేశం లేదు. పర్మిషన్ కావాలంటే గవర్నర్‌ని అడగవలెను.'

ఇవాళ్టికి ఐదో రోజు. నేను బుద్ధిగా ఇవతలే ఉంటున్నాను. ఒక్కటే బాధ. ఆ టేపు కుడి వైపు అరంగుళం కిందకి దిగిందండి. పొద్దున్నా సాయంత్రం కళ్ల ముందే, చేతులు దురద పెడుతున్నాయి. ఐదు నిమిషాల పని, రసమట్టం పెట్టి సరిచేసి వచ్చేస్తానని గవర్నర్ గారికి అర్జీ పెట్టుకున్నాను. ఇంకా సంతకం కాలేదు.