జర సీదా నిలబడు

మొన్న మంగళవారం పొద్దున పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "బిడ్డా, మన పై అర్రల ఉండె జూడు, మీ అన్న... పోయిండంట. టీవీల చూపెడ్తుండ్రు" అంది. ఆయన పదకొండు రోజులుగా అక్కడికి దగ్గర్లోనే ఆసుపత్రిలో ఉన్నాడు. నాకు తెలుసు. ఇవాళ పోదాం, రేపు పోదాం అనుకుంటూ రోజూ ఆ పక్క నుంచే ఆఫీసుకు పోయాను. సిగ్గు లేదు నాకు.

టీవీలో ఆయన్ని హాస్యనటుడు, దర్శకుడు అన్నారు. మాకు మాత్రం పై అర్ర అన్న. అమీర్‌పేటలో సందుసందుకీ జావా, ఒరాకిల్ బోర్డులు వేలాడుతున్న రోజులవి. కోస్తా నుంచి దిగిన కుర్రాళ్లంతా ఇన్‌స్టిట్యూట్లు వెతుక్కుంటుంటే, ఈయన మిమిక్రీ చేస్తానని వచ్చి మా నాన్న టైలర్ దుకాణం పైన గది అద్దెకు తీసుకున్నాడు. "ఏ కోర్సు బాబూ?" అని ఎవరడిగినా "నవ్వులండీ. ప్లేస్‌మెంట్ గ్యారంటీ లేదు" అనేవాడు. పగలంతా మా దుకాణంలోనే మకాం. కాజాలు కుట్టే తాత దగ్గు, మిషను మొరాయించే చప్పుడు, ఎదురు హోటల్ ఓనరు కేకలు, అన్నీ ఆయన గొంతులో పలికేవి.

నాన్నని మేం బాపు అంటాం. సిరిసిల్లలో మగ్గం వదిలి ఇక్కడ కుట్టుమిషను పట్టిన మనిషి. ట్రయల్ చూసేటప్పుడు పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పట్టుకుని, వాటి సందుల్లోంచే మాట్లాడేవాడు. అన్నకేమో ఎడమ భుజం కొంచెం కిందికి దిగి ఉండేది. ఎంత జాగ్రత్తగా కుట్టినా చొక్కా అటే జారేది. ప్రతిసారీ బాపు గొణిగేవాడు: "జర సీదా నిలబడు."

"నిలబడే ఉన్నాను బాబాయ్! ఇది భుజం కాదండీ, పుట్టుకతో వచ్చిన వినయం" అనేవాడు అన్న. బాపు నవ్వు ఆపుకోలేక సూదులు రాల్చేసేవాడు. తర్వాత ఇద్దరూ నేల మీద వంగి వాటిని ఏరుకునేవారు.

బాపు మాటే అన్న దశ తిప్పింది. ఒక వినాయక చవితికి మండపం దగ్గర మైకు పట్టుకుని బాపుని అచ్చంగా దించేశాడు. మెడలో టేపు, పెదాల మధ్య సూదులు, ఆ మాట. జనం పడీ పడీ నవ్వారు. టీవీ వాళ్లు పిలిచారు, ఆ వెనకే సినిమా వేషాలు. ఊరంతా అదే మాట. ఇన్‌స్టిట్యూట్‌లో నేను డౌటు అడగడానికి లేస్తే చాలు, వెనక నుంచి ఎవడో "జర సీదా నిలబడు" అనేవాడు. క్లాసంతా గొల్లుమనేది. నాకు ఒళ్లు మండిపోయింది. ఒకరోజు మెట్ల మీద అన్నని ఆపాను.

"మా బాపు నీకు జోకా? ఆయన్ని అమ్ముకుని బతుకుతున్నవ్ నువ్వు."

నోరు తెరిస్తే ఆగని మనిషి. "తప్పే తమ్ముడూ" అన్నాడంతే. ఆ నెలాఖరుకి గది ఖాళీ చేసి పోయాడు.

ఎందుకు పోయాడో బాపుకి తెలిసిపోయింది. సూదులు చేతిలోకి తీసుకుని అడిగాడు. "ఎక్కిరిస్తే ఎక్కిరించిండు తియ్. ఇన్నేండ్ల సంది గీ దుకాన్ల నిలబడ్డ. గంత మంచిగ నన్ను ఎవరు చూసిండ్రురా? నువ్వు చూసినవా?"

బాపు పోయినప్పుడు అన్న షూటింగ్ నుంచి మేకప్‌తోనే పరుగెత్తుకొచ్చాడు. నేను తల తిప్పుకున్నాను. తర్వాత రెండేళ్లకి ఆయన సొంతంగా ఒక సినిమా తీశాడు. ప్రివ్యూకి రమ్మని కబురు పెట్టాడు. పోలేదు. విడుదలయ్యాక ఒక్కణ్ణే మ్యాట్నీకి వెళ్లాను. హాల్లో పాతికమంది కూడా లేరు. నవ్విస్తాడనుకుని వచ్చినవాళ్లు ఇంటర్వెల్‌కే లేచిపోయారు.

అందులో ఆయన టైలరు. కొడుకు ఇంటర్వ్యూకి బయల్దేరుతుంటాడు. తండ్రి నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెడతాడు. ఏదో చెబుతాడనుకుంటాం. ఏమీ చెప్పడు. కొడుకు కాలర్ సరిచేస్తాడు, అంతే. అది మా దుకాణంలో, ఆ గొడవకి ముందు, నా మొదటి ఇంటర్వ్యూ రోజు జరిగిందే. ఆ రోజు అన్న అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కాకపోతే నేను బాపు చెయ్యి విదిలించి, బస్సు పోతుందని పరుగెత్తాను. సినిమాలో కొడుకు పరుగెత్తలేదు. కాలర్ సరిచేసేదాకా కదలకుండా నిలబడ్డాడు.

ఆ చీకట్లో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. బయటికొచ్చి అన్న నంబరు నొక్కి, మోగకముందే పెట్టేశాను. "చూశాను అన్నా." చెప్పాల్సింది ఆ రెండు మాటలే. ఏళ్ల తరబడి వాటిని నోట్లోనే పెట్టుకు తిరిగాను.

మంగళవారం ఆఫీసుకు వెళ్లలేదు. ఆయన ఇంటికి వెళ్లాను. వదినని అంతకుముందు ఎప్పుడూ కలవలేదు. పేరు చెప్పగానే నా చెయ్యి పట్టుకుంది.

"టైలర్ గారబ్బాయా? మీరు ఆ సినిమా చూశారో లేదోనని ఆసుపత్రిలో కూడా అడిగారండీ."

"చూశాను వదినా" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా అన్నాను. ఎవరికి వినపడాలని!

అద్దాల పెట్టెలో అన్న బాపు కుట్టిన తెల్ల చొక్కాలో ఉన్నాడు. కాలర్ అరిగి దారాలు లేచాయి. ఇదే కావాలని ఆయనే చెప్పి పెట్టుకున్నాడట. వంగి చూశాను. రెండు భుజాలూ సమానంగా, సీదాగా పడుకుని ఉన్నాడు. మొదటిసారి ఆ చొక్కా ఎడమవైపు జారలేదు.